నీళ్ల దగ్గరే తేలే రుచి: కోనసీమ వంటింట్లో కాలీఫ్లవర్

కార్తీక మాసం మొదలయ్యేసరికి అమలాపురం, రాజోలు, కొత్తపేట మార్కెట్లలో కాలీఫ్లవర్ గుట్టలు పడతాయి. సంక్రాంతి దాటేదాకా ఇంటింటా వారానికి ఒకటి రెండుసార్లైనా వండే కూర ఇది. ఇంత మామూలు కూర చుట్టూ ఇన్ని తగవులు ఉండటం విచిత్రమే. ముందు ఉడకబెట్టి వార్చాలని ఒకరంటే, అలా చేస్తే రుచంతా నీళ్లపాలని ఇంకొకరు. ఆవ పెడితేనే కూర అని కొందరు, అల్లంవెల్లుల్లి ముద్ద పడకపోతే అది పథ్యపు కూడేనని మరికొందరు. కొబ్బరి కోరు చాలా, జీడిపప్పు ముద్ద కావాలా? వేపుడుకు ఉప్పు ముందా, చివరా? మూత పెట్టాలా, తియ్యాలా? పనసపొట్టు గురించి గానీ కంద బచ్చలి గురించి గానీ కోనసీమలో ఇన్ని ప్రశ్నలు పుట్టవు. వాటికి తరాలుగా కుదిరిన పద్ధతి ఉంది. కాలీఫ్లవర్‌కు అది కుదరలేదు. ప్రతి వంటిల్లూ తనకు చేతనైన పాత కూర పద్ధతిని దీనికి అతికించి చూసింది. టీవీ వంటల కార్యక్రమాలు, ఆ తర్వాత యూట్యూబ్ వచ్చాక ఉత్తరాది పద్ధతులు, హోటల్ పద్ధతులు కూడా వచ్చి కలిశాయి. వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక సంగతి గట్టిగా అనిపిస్తుంది. కాలీఫ్లవర్ రుచిని మసాలా కంటే ముందు నీళ్లు తేలుస్తాయి. పువ్వులోని నీటిని, పువ్వుకు పట్టించిన నీటిని వండేవారు ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరికిన చోట ఏ పక్షం కూరైనా బాగుంటుంది, దొరకని చోట ఏ పక్షమూ గట్టెక్కించలేదు.

వచ్చిన దారి

కాలీఫ్లవర్ మన దేశానికి వచ్చి దాదాపు 200 ఏళ్లు. 1822లో ఇంగ్లండు నుంచి విత్తనం తెచ్చి సహారన్‌పూర్‌లోని కంపెనీ బాగ్‌లో వేశారని ఉద్యాన శాస్త్ర గ్రంథాలు చెబుతాయి. చలిదేశపు ఆ పంట మన మైదానాల్లో మొదట సరిగా పువ్వు కట్టలేదు. వేడికీ తేమకూ తట్టుకున్న మొక్కల నుంచే ఏటేటా విత్తనం కట్టుకుంటూ పోయిన ఉత్తరాది రైతుల ఓపిక వల్ల, భారతీయ కాలీఫ్లవర్ అని ఇవాళ శాస్త్రజ్ఞులు వేరుగా లెక్కపెట్టే రకాలు పుట్టాయి. చలిదేశపు స్నోబాల్ జాతి పువ్వు కట్టడానికి 10 నుంచి 16 డిగ్రీల చల్లదనం కోరుతుంది. మన దేశంలో స్థిరపడ్డ తొలికారు రకాలు 20 నుంచి 27 డిగ్రీల మధ్య కూడా పువ్వు పెడతాయి. సముద్రానికి దగ్గరగా, ఎప్పుడూ పెద్ద చలి లేని కోనసీమ వంటి చోట ఈ పువ్వు ఇంటి కూర కాగలిగింది ఆ రైతుల వల్లనే. తర్వాత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ పూసా కత్కీ, పూసా దీపాలి వంటి తొలికారు రకాలను పేరుపెట్టి విడుదల చేసింది.

గోదావరి డెల్టాలో ఇది ఆలస్యంగా వచ్చిన చుట్టమే. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత ఈ నేల వరికి, కొబ్బరికి పెట్టింది పేరైంది. ఏటిపాయల మధ్య లంకల ఒండ్రు నేలలు కూరగాయలకు అనువైనవి. అయినా పాత కూరల వరసలో ఉన్నవి కంద, పెండలం, అరటి, పనస, బచ్చలి, ఆనప, వంగ, పొట్ల. సంప్రదాయం పట్టింపుగా పాటించే ఇళ్లలో తద్దినం వంటలో నేటికీ కాలీఫ్లవర్, క్యాబేజీ, బంగాళాదుంప, టమాటా వేయరు. పూరీ జగన్నాథుని మహాప్రసాదంలోనూ వీటికి చోటు లేదు. నియమం ఉన్న వంటలోకి రాలేదు గనుక దీనికి నియమంగా ఒక పద్ధతి కట్టబడలేదు. కాలీఫ్లవర్ మీద తగవులకు మూలం ఇక్కడే ఉందనుకుంటాను. తద్దినం వంటలో కంద ఎలా వండాలో, అరటికాయ ఎలా వండాలో పెద్దలు నిలబడి చెప్పేవారు. దీనికి అలా చెప్పేవారు లేరు.

ఇంకో కారణం కాలం. కాలీఫ్లవర్ కారు సరిగ్గా కార్తీకంలో మొదలవుతుంది. ఆ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టని ఇళ్లు కోనసీమలో చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఈ పువ్వు ఆవతోనో, అల్లం పచ్చిమిర్చితోనో, కొబ్బరితోనో ఉడకవలసిందే. అదే పువ్వు సంక్రాంతి నాటికి కొత్త అల్లుళ్లు, బంధువులు దిగిన ఇంట్లో ఉల్లి మసాలాతో, రొయ్యలతో, జీడిపప్పుతో పొయ్యెక్కుతుంది. ఒకే పంటను ఒకే మూడు నెలల్లో రెండు రకాల విస్తళ్లకు సర్దవలసి రావటంతో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. వీటిని రుచుల మధ్య యుద్ధంగా చూసేవారు ఈ సంగతి మరచిపోతున్నారు.

పువ్వులో ఉన్నదేమిటి

కాలీఫ్లవర్‌లో నూటికి 92 వంతులు నీరే. 100 గ్రాములకు పాతిక కేలరీలు, 2 గ్రాముల లోపు మాంసకృత్తులు, 50 మిల్లీగ్రాములకు కాస్త తక్కువగా సి విటమిన్. పిండి పదార్థం తక్కువ గనుక బంగాళాదుంపలా తనంతట తాను కడుపు నింపే రుచి దీనికి లేదు. ఉన్న రుచి రెండు చోట్ల దాగి ఉంది. ఒకటి, కొద్దిపాటి చక్కెరలు. అవి వేడికి ఎర్రబడితే కమ్మటి, గింజ వేయించిన వాసన వస్తుంది. రెండు, గంధకం కలిసిన గ్లూకోసినోలేట్లు. ఆవ, ముల్లంగి, క్యాబేజీ, కాలీఫ్లవర్ అన్నీ ఒకే కుటుంబం. ఆవలో ముక్కుకెక్కే ఘాటుగా బయటపడేది, కాలీఫ్లవర్‌లో సన్నటి కారపు తీపిగా ఉంటుంది. ఈ రెండు రుచులకూ నీళ్లు పడవు. ఉపరితలం తడిగా ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలు దాటదు, కాబట్టి ఎరుపు ఎక్కదు. నీళ్లలో మరిగిస్తే రెండోదీ కారిపోతుంది. ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం కాలీఫ్లవర్‌ను అరగంట మరిగిస్తే గ్లూకోసినోలేట్లలో 75 శాతం పోయాయి. ఆవిరిపై ఉడికించినా, నూనెలో వేయించినా అంత నష్టం కనబడలేదు. మన వంటిళ్లలో అరగంట ఎవరూ మరిగించరు, నిజమే. కానీ 5 నిమిషాలకే 20 నుంచి 30 శాతం దాకా పోతుందని అదే పరిశోధన చెప్పింది. వార్చి పారబోసే ఆ తెల్లటి నీళ్లలో పోయేది ఇదే.

ఎక్కువసేపు ఉడికితే ఇంకో కష్టం వస్తుంది. గంధకపు సమ్మేళనాలు విరిగి, క్యాబేజీ మాగిన వాసన కొట్టడం మొదలవుతుంది. కాలీఫ్లవర్ కూర అంటే ముక్కు మూసుకునే పిల్లలు చాలావరకు ఈ వాసనకే జడిసినవారు. పువ్వు తప్పు కాదది, పొయ్యి మీద ఉంచిన నిమిషాల తప్పు. రంగు సంగతీ ఇలాంటిదే. పువ్వులోని తెల్లని వర్ణకాలు క్షారానికి పచ్చబారతాయి. ఉప్పునీటి ఊళ్లలో బోరు నీళ్లతో వండినప్పుడు, తొందరగా మెత్తబడాలని వంటసోడా చిటికెడు వేసినప్పుడు కూర పసుపు వేయకుండానే పాలిపోయిన పసుపుకు తిరగడం అందుకే. సోడా వేస్తే మెత్తబడటమే కాదు, జావ అవుతుంది.

ఆవ, కొబ్బరి పక్షం

ఈ పక్షం వారు కాలీఫ్లవర్‌ను పనసపొట్టుకూ కంద బచ్చలికీ తమ్ముడిగా చూస్తారు. నా మొగ్గు వీరి వైపే, కారణాలు చెబుతాను. మొదటిది, ఆవా పువ్వూ ఒకే కుటుంబం కావటం. ఉడికేటప్పుడు పువ్వులోని మిరోసినేజ్ అనే ఎంజైమ్ చచ్చిపోతుంది, దానితో పాటు ఘాటు పుట్టే దారి మూసుకుపోతుంది. దించాక పచ్చి ఆవముద్ద కలిపితే ఆవలోని ఎంజైమ్ ఆ దారిని మళ్లీ తెరుస్తుంది. 2018లో రీడింగ్ విశ్వవిద్యాలయం వారు ఉడికించిన బ్రకోలీ మీద ఆవపొడి చల్లి పెట్టి చూస్తే, సల్ఫోరఫేన్ అనే పదార్థం ఒంటికి అందిన పాళ్లు నాలుగు రెట్లకు పైగా పెరిగాయి. అది బ్రకోలీ, కాలీఫ్లవర్‌లో ఆ పదార్థపు మూలం తక్కువ. కనుక ఆరోగ్యం పేరు చెప్పి ఆవ పెట్టమని నేను అనను. రుచి మాటకొస్తే మాత్రం పోయిన ఘాటును దాని బంధువుతోనే తిరిగి తెచ్చుకునే ఈ పద్ధతికి సాటి లేదు.

అయితే ఆవ పెట్టడంలో తప్పులు సులువుగా దొర్లుతాయి. ఆవాలు నూరి, చల్లటి నీళ్లు తగిలాకే ఘాటు పుడుతుంది. పొయ్యి మీద ఉడుకుతున్న కూరలో ఆవముద్ద వేస్తే ఎంజైమ్ వేడికి చచ్చి, ఘాటు రాక చేదు మిగులుతుంది. చాలా ఇళ్లలో ఆవ పెట్టిన కూర చేదెక్కిందనే ఫిర్యాదు ఇక్కడిదే. తుంచాక అరకిలో వచ్చే పువ్వుకు చెంచాన్నర ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, చిటికెడు ఉప్పు చాలు. సన్నికల్లు మీదో మిక్సీలోనో కొద్దిగా నీళ్లు చిలకరిస్తూ మెత్తగా నూరి, ఒక చెంచా పచ్చి నూనె కలిపి పక్కన పెట్టాలి. పువ్వు వేరేగా తయారు కావాలి. శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి, అల్లం, పచ్చిమిర్చి తరుగు వేసి, తడి ఆరిన పువ్వు వేసి పసుపు చల్లాలి. సన్నటి సెగ మీద మూత పెడితే పువ్వు తన నీటిలోనే ఏడెనిమిది నిమిషాల్లో మగ్గుతుంది. కాడ గోటితో నొక్కితే దిగాలి, పువ్వు మాత్రం గరిటెకు చిదిరిపోకూడదు. అప్పుడు మూత తీసి, ఉప్పు వేసి, అడుగున చెమ్మ ఇగిరేదాకా తిప్పి, కొబ్బరి కోరు కలిపి దించాలి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ఆవముద్ద, నిమ్మరసం. పులుపు ఆఖర్న రావటానికి కారణం ఉంది. పులుపు తగిలిన కూరగాయ ముక్క మెత్తబడటానికి మొరాయిస్తుంది. ముందే చింతపండు రసం పోసిన కూరలో కాడలు కరకరలాడటానికి అదే హేతువు.

కొబ్బరి గురించి విడిగా చెప్పాలి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టున్న ఈ సీమలో కొబ్బరి లేని వంటిల్లు లేదు, కానీ కొబ్బరి నూనెతో వండే అలవాటు లేదు. ఇక్కడ కొబ్బరి కోరుగా, పాలుగా, ఎండుకొబ్బరి కారంగా కూరలోకి వస్తుంది. మూడింటి పని వేరువేరు. పచ్చికొబ్బరి కోరు చివర్లో మిగిలిన చెమ్మను పీల్చి, పువ్వుకు లేని కొవ్వును ఇస్తుంది, ఆవ ఘాటును కాస్త చల్లారుస్తుంది. కొబ్బరిపాలు ముందే పోసి మరగనిస్తే విరుగుతాయి. రెండోసారి పిండిన పలుచటి పాలలో పువ్వును మగ్గబెట్టి, చిక్కటి మొదటి పాలు దించే ముందు పోయటం సరైన వరస. ఆనపకాయకూ బీరకాయకూ గోదావరి ఇళ్లలో ఆవుపాలో గేదెపాలో పోసి వండే పద్ధతి కాలీఫ్లవర్‌కూ నప్పుతుంది, పులుపు దరిదాపుల్లోకి రాకుండా చూసుకుంటే చాలు. ఇదే పక్షంలో కొత్తిమీర కారం శాఖ కూడా ఉంది. కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం నూరిన ముద్దను మగ్గిన పువ్వులో కలిపి రెండు నిమిషాలు మాత్రమే పొయ్యి మీద ఉంచుతారు. ఆవ పడనివారికి ఇంతకంటే మంచి దారి నాకు కనబడదు.

మసాలా పక్షం

ఉల్లి, టమాటా, అల్లంవెల్లుల్లి, ధనియాలు, లవంగం, చెక్క, గసగసాలు ఈ పక్షం సరంజామా. బఠాణీ, బంగాళాదుంప తోడు రావటం ఉత్తరాది ఆలూ గోబీ ప్రభావం. రాజోలు ప్రాంతంలో దీనికి మరో బలం ఉంది. సఖినేటిపల్లి మండలంలోని మోరి జీడిపప్పుకు ప్రసిద్ధి. పెళ్లి భోజనాల్లో కనిపించే కాలీఫ్లవర్ జీడిపప్పు కూర వెనక ఆ దగ్గరితనం తప్పక ఉంటుంది. ఈ కూరను ఆవ పక్షం వారు తేలిగ్గా తీసిపారేయటం న్యాయం కాదు. గసగసాలు, జీడిపప్పు ముద్ద పువ్వుకు లేని చిక్కదనాన్ని ఇస్తుంది. చపాతీకి, బిర్యానీకి పక్కన ఇదే నిలబడుతుంది. ఆవకూర అన్నానికి తప్ప నప్పదు.

ఈ పక్షం వైఫల్యం మసాలాలో లేదు, వరసలో ఉంది. ఉల్లి, టమాటా వేగి మసాలా ఉడుకుతున్న ఇగురులో పచ్చి పువ్వు పడేస్తారు. పువ్వు నీరు వదులుతుంది, ఇగురు పలుచబడుతుంది. పలుచబడిందని మరికాస్త మసాలా, మరికాసేపు మంట. టమాటా పులుపు వల్ల కాడ ఉడకదు, పైపూత మాత్రం పొడిపొడిగా రాలి ఇగురులో నూకలా తేలుతుంది. బెంగాలీల చేపల పులుసులోనూ కాలీఫ్లవర్ పడుతుంది గానీ, వాళ్లు ముందు ఆవనూనెలో పువ్వును ఎర్రగా వేయించి తీసిపెట్టుకుని చివర్లో పులుసులో దించుతారు. మన మసాలా పక్షం నేర్చుకోదగ్గ పాఠం ఇదొక్కటే. వెడల్పాటి మూకుట్లో రెండు మూడు చెంచాల నూనెలో పువ్వును ముక్కాలు వంతు వేయించి, అక్కడక్కడ ఎర్రమచ్చలు వచ్చాక తీసి, ఇగురు చిక్కబడ్డాక కలిపి అయిదు నిమిషాలు మగ్గిస్తే, కాడ ఉడుకుతుంది, పువ్వు నిలుస్తుంది, మసాలా పువ్వును అంటిపెట్టుకుంటుంది. రొయ్యలతో వండేటప్పుడు ఈ వరస మరీ అవసరం. రొయ్య నీరు వదిలేదే, మూడు నాలుగు నిమిషాల్లో ఉడికిపోయేదే. రెంటినీ పచ్చిగా కలిపి పెడితే రొయ్య రబ్బరవుతుంది, పువ్వు ఉడకదు. కోడిగుడ్డుతో పొరుటు చేసేవారికి ఈ ఇబ్బంది తక్కువ, గుడ్డు కాస్త చెమ్మను తనలోకి పట్టేస్తుంది.

వేపుడు, మంచూరియా, ఊరగాయ

వేపుడు నీటితో నేరుగా తలపడే పద్ధతి. ఉప్పు తగిలిన క్షణం పువ్వు నీరు వదలటం మొదలుపెడుతుంది, కాబట్టి ఉప్పు చివరికి. మూత పెడితే ఆవిరి గడ్డకట్టి చుక్కలుగా మళ్లీ మూకుట్లోకే పడుతుంది, కాబట్టి మూత వద్దు. మూకుడు నిండా కుక్కితే వేగదు, ఉడుకుతుంది. ఒక వరసగా పరిచేంతే వేయాలి. ఎర్రబడ్డాక ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ఎండుమిర్చి కలిపి దంచిన కారం చల్లితే కోనసీమ వేపుడు. శనగపిండి చల్లి వేయించేవారూ ఉన్నారు. ఆ పిండి మిగిలిన చెమ్మను పట్టి పలుకుగా అంటుకుంటుంది, అది కూడా మంచి ఉపాయమే.

పిల్లలు కాలీఫ్లవర్‌ను ఇష్టంగా తినేది మంచూరియా రూపంలోనే అనేది నిజం, దాన్ని కాదనలేం. నెల్సన్ వాంగ్ అనే వంటమాస్టరు 1975లో ముంబైలో చికెన్ మంచూరియా తయారుచేశారని ప్రసిద్ధి. శాకాహారుల కోసం అందులో కోడి స్థానంలోకి కాలీఫ్లవర్ వచ్చింది, అక్కడి నుంచి ఊరూరా సాయంత్రపు బళ్ల మీదకి. దీని మీద అసలు అభ్యంతరం రుచిది కాదు, రంగుది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. అప్పుడు పరీక్షించిన 171 నమూనాల్లో 107 చోట్ల అలాంటి రంగులు బయటపడ్డాయి. దానికి కొద్ది ముందే గోవాలో మాపుసా పురపాలక సంఘం దీని అమ్మకం మీదే కత్తి దూసింది. ఇంట్లో చేసుకునేవారికి ఈ రంగుల అవసరమే లేదు. ఎండు కాశ్మీరీ మిర్చి నానబెట్టి నూరిన ముద్ద చాలినంత ఎరుపు ఇస్తుంది. మొక్కజొన్న పిండిలో కొంత బియ్యప్పిండి కలిపి, జారుడుగా కాకుండా పువ్వును అంటుకునేలా కలిపి, రెండు విడతలుగా వేయించాలి. మొదటి విడత లోపలి నీటిని తోలుతుంది, రెండోది పైపొరను గట్టిపరుస్తుంది. సాస్‌లో కలిపాక పది నిమిషాలు దాటితే ఆ పొర తిరిగి మెత్తబడుతుంది, కలిపిన వెంటనే తినేయాలి.

ఊరగాయ గురించి నాలుగు మాటలే. తుంచిన పువ్వును కడిగి, బట్ట మీద ఎండలో ఒకపూట ఆరబెట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె, నిమ్మరసంతో కలుపుతారు. మామిడి ఆవకాయలా ఏడాది నిలిచేది కాదు, కొద్ది వారాలదే. పువ్వు సరిగా ఆరకపోతే అన్ని రోజులు కూడా ఆగదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

పక్షాల మధ్య తేడాలు పైకి కనిపించినంత లోతైనవి కావు. ఆవ పక్షం పువ్వును దాని నీటిలోనే మగ్గబెట్టి, మిగిలిన చెమ్మను కొబ్బరికి అప్పగిస్తుంది. మసాలా పక్షం, సరిగా చేస్తే, ముందు నూనెలో నీటిని తోలి తర్వాత ఇగురులో దించుతుంది. వేపుడు మూకుట్లోనే ఆర్చేస్తుంది, ఊరగాయ ఎండకు వదిలేస్తుంది, మంచూరియా పిండిపొర కింద రెండు విడతల నూనెలో తోలుతుంది. నాలుగైదు దారులు, పని ఒకటే. ఎంపికకు ఆధారం కావలసింది పువ్వు. లంకల నుంచి తెల్లారేసరికి దిగిన గట్టి, బిగువైన, కాడ విరిస్తే చెమ్మ ఊరే పువ్వుకు సొంత రుచి ఉంటుంది. దానికి ఆవ, కొబ్బరి, కొత్తిమీర కారం మించినవి వద్దు, మసాలాలో ముంచితే వృథా. మాఘం దాటాక ఎండ ముదిరినప్పుడు వచ్చే పువ్వు విచ్చుకుని, పైన బియ్యపు నూక చల్లినట్టు గరుకుదేలి ఉంటుంది. వేసవిలో కోలారు, మదనపల్లె వైపు ఎత్తు ప్రాంతాల నుంచి లారీల్లో వచ్చేది ప్రయాణంలో వడలిపోతుంది. వాటికి జీడిపప్పు మసాలా, వేపుడు, మంచూరియా సరైన గమ్యాలు. ఈ ఒక్క విభజన ఒప్పుకుంటే సగం తగవులు తీరతాయి.

ఆక్షేపణలకు జవాబులు

ముందుగా ఉడకబెట్టేవారి వాదన గట్టిది: పువ్వు సందుల్లో పురుగులు. క్యాబేజీ జాతి పంటల్ని పట్టే డైమండ్ బ్యాక్ మాత్ లార్వాలు ఆకుపచ్చగా, సన్నగా ఉండి గుత్తి లోపల దాక్కుంటాయి, పైపైన కడిగితే పోవు. ఈ భయం కొట్టిపారేయదగ్గది కాదు. కానీ మరిగించడం ఒక్కటే మార్గం కాదు. బొటనవేలంత ముక్కలుగా తుంచితే దాక్కునే సందులే ఉండవు. పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్లలో ఉప్పు, పసుపు కలిపి పువ్వును రెండు మూడు నిమిషాలు ముంచితే పురుగు బయటికి తేలుతుంది. తర్వాత చిల్లుల గిన్నెలో ఓడ్చి, పొడి బట్ట మీద పరిచి, పావుగంట ఫ్యాను కింద వదిలేయాలి. ఈ పావుగంటను మన వంటిళ్లు అనవసరంగా ఎగ్గొడుతున్నాయి. శుభ్రం కోసం పువ్వుకు పట్టించిన నీళ్లను మళ్లీ తీసేస్తేనే ఆ శుభ్రత రుచిని తినేయకుండా ఉంటుంది.

తీరిక లేదనేది రెండో ఆక్షేపణ. ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో కుక్కర్ ఒక కూత కొట్టిస్తే పని అయిపోతుంది కదా అంటారు. కాలీఫ్లవర్ మూకుట్లో మూత కింద పది నిమిషాల లోపు మగ్గే కూర. కుక్కర్ ఆవిరి పట్టి, కూతవేసి, చల్లారి, మూత వచ్చేదాకా అంతకంటే ఎక్కువే పడుతుంది. కందిపప్పుకు కుక్కర్ చేసే మేలు దీనికి చేయదు. మూడోది, ఆవ వేడి చేస్తుందనే మాట. ఆవ పాలు సగానికి తగ్గించి కొబ్బరి పెంచితే ఆ భయం ఉన్నవారూ తినగలరు. బలవంతం అక్కర్లేదు, కొత్తిమీర కారం ఉండనే ఉంది. నాలుగోది గ్యాసు. కాలీఫ్లవర్‌లోని కొన్ని చక్కెరలు చిన్నపేగులో జీర్ణం కాక పెద్దపేగులో పులుస్తాయి, అందువల్ల కడుపుబ్బరం కొందరికి తప్పదు. ఇంగువ, అల్లం దానికి తోడుగా తరతరాలుగా పడుతున్నాయి, వాసనకూ రుచికీ అవి కావలసినవే. అయినా ఉబ్బరం ఎక్కువగా ఉన్నవారు ఒక గరిటెడుతో ఆపటమే మేలు. థైరాయిడ్ ఉన్నవారు ఈ కుటుంబపు కూరగాయలు మానాలా అనే ప్రశ్న తరచు వస్తుంది. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో, వండిన కాలీఫ్లవర్‌ను మామూలు పాళ్లలో తింటే ఇబ్బంది ఉండదనేదే వైద్యుల సాధారణ అభిప్రాయం. పచ్చి రసాలుగా తాగటం వేరే సంగతి.

మసాలా లేకపోతే రుచి ఎక్కడిది అనే వారికి చివరి జవాబు. ఆ మాట అనేవారు చాలామంది ఉడకబెట్టి వార్చిన పువ్వునే తిన్నవారు. వార్చిన పువ్వులో నిజంగానే రుచి లేదు, దానికి మసాలా దిక్కు. వార్చని పువ్వును ఒకసారి తిన్నాక ఆ మాటకు బలం తగ్గుతుందని నా నమ్మకం.

ఇంకా తేలనివి

పురుగుమందుల సంగతి వంటింట్లో తేలేది కాదు. కాలీఫ్లవర్ మీద మందులు ఎక్కువగా కొట్టే మాట వాస్తవం. ఉప్పునీళ్లు, పసుపునీళ్లు పైన అంటిన మందును కొంత తగ్గిస్తాయి గానీ మొక్క లోపలికి పీల్చుకున్న దాన్ని తీయలేవు. ఏ పువ్వు మీద ఏం కొట్టారో కొనేవారికి తెలిసే ఏర్పాటు వచ్చేదాకా ఈ విషయంలో ఏ వంట పద్ధతీ మరోదానికంటే సురక్షితమని చెప్పటం సాధ్యం కాదు. నారింజ రంగు పువ్వు మరో ప్రశ్న. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ తెచ్చిన పూసా బీటా కేసరిలో కిలోకు 8 నుంచి 10 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. తెల్లపువ్వు మీద కుదిరిన ఆవ, కొబ్బరి పాళ్లు దానికీ సరిపోతాయా అన్నది కోనసీమ వంటిళ్లలో వండి చూస్తేనే తెలియాలి.

ఆకు, కాడ విషయం నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. పువ్వు బరువులో పెద్ద భాగం ఆ రెండే. మార్కెట్లోనే ఆకు దులిపి గుట్టగా పారేస్తారు, లేదా పశువులకు వేస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో కాలీఫ్లవర్ ఆకుకు ప్రత్యేకంగా ఒక వరసే ఉంది. సున్నపు ధాతువులో అది పువ్వుకంటే ఎన్నో రెట్లు మెరుగు. లావు కాడ పైతొక్క చెక్కితే లోపలి గుజ్జు తియ్యగా ఉంటుంది, సన్నగా తరిగి పువ్వుకంటే మూడు నిమిషాల ముందు మూకుట్లో వేస్తే రెండూ ఒకేసారి ఉడుకుతాయి. లేత ఆకును ఈనె తీసి కందిపప్పుతో వండవచ్చు, కొబ్బరితో పొడికూర చేయవచ్చు, బచ్చలి స్థానంలో కందతో కలిపి ఆవ పెట్టవచ్చు. ఇవన్నీ చేయదగినవే అయినా చేసి చూసిన ఇళ్లు కొద్ది. పువ్వు మీద ఇన్ని పక్షాలు ఏర్పడిన సీమలో ఆకు మీద ఇంకా ఒక్క పక్షమూ లేదు, పోల్చి చెప్పడానికి రెండు పద్ధతులైనా కుదరలేదు.